వీనస్ ఫ్లైట్రాప్‌కు పేనుబంక: నీళ్లలో ముంచడమా, వేపనూనెనా, మందా?

ఈగలను పట్టి తినే మొక్కకే పురుగు పడుతుందా అని మా ఇంటికి వచ్చినవారంతా అడిగారు. పడుతుంది. వీనస్ ఫ్లైట్రాప్ బోను మూసుకోవాలంటే లోపలున్న సన్నని వెంట్రుకలు 20 సెకన్ల లోపు రెండుసార్లు కదలాలి. పేనుబంక అసలు బోను జోలికి పోదు. మొక్క నడిమధ్యన, ఇంకా విచ్చుకోని చిగురులో కూర్చుని రసం పీలుస్తుంది. కావలిలో మా వరండా మొక్కకు సంక్రాంతి తర్వాత కొత్త ఆకులన్నీ ముడుచుకుని, వంకర తిరిగి వచ్చాయి. భూతద్దం పెట్టి చూస్తే చిగురులో ఆకుపచ్చని చుక్కలు మెల్లగా నడుస్తున్నాయి.

మొదట చెయ్యి వేపనూనె మీదికే పోయింది. మందారానికి, గులాబీకి ఏళ్లుగా వాడుతున్నాను. కానీ ఈ మొక్కకు వద్దనే చెబుతాను. నూనె నీళ్లలో కలవాలంటే సబ్బు కావాలి, ఆ సబ్బును ఈ మొక్క లేత ఆకులు ఓర్చుకోలేవు. ఆకుల మీది జిగురుతో పురుగులను పట్టే మరో మొక్క డ్రాసెరాకైతే ఆ జిగురు బొట్లే కడుక్కుపోతాయి. పైగా మన ఎండకు నూనె పూసిన ఆకు మాడుతుంది. తోలులాంటి మందపాటి ఆకులుండే కూజా మొక్క, అంటే నెపెంథిస్, కొంత తట్టుకుంటుంది. దానికి పిండినల్లి పడితే పొద్దు వాలాక ఆకుల అడుగున వేపనూనెతో తుడవవచ్చు, కూజాలోకి చుక్క పడనీయకూడదు.

పక్కింటి బాబాయిగారు పొగాకు రైతు. “పొగాకుకు బంక పడితే మేము కొట్టేది ఇదేనమ్మా” అంటూ ఇమిడాక్లోప్రిడ్ సీసా తెచ్చి ఇచ్చారు. ఆయన మాట సరైనదే. ఈ మందు మొక్క రసంలోకి ఎక్కుతుంది కాబట్టి చిగురు మడతల్లో దాక్కున్న పురుగు కూడా చస్తుంది. కీటకాహార మొక్కలు పెంచేవారు చాలామంది దీన్నే నమ్ముతారు. అయితే తేనెటీగలకు ఇది విషం. మా వరండాను ఆనుకునే మునగచెట్టు ఉంది, పూత మీద పొద్దస్తమానం తేనెటీగలే. ఇంకొక సంగతి: ఎర్రనల్లి మీద ఈ మందు పనిచేయదు. ఆకు మీద సన్నని చుక్కలు, సాలెగూడులాంటి దారాలు కనిపిస్తే ఈ సీసా తీసి లాభం లేదు.

మూడో దారి ముంచడం. పేనుబంక పడిన ఫ్లైట్రాప్‌కు నా ఓటు దీనికే. కుండీలోని పీట్ (మట్టికి బదులు వాడే కుళ్లిన నాచు) తేలిపోకుండా పైన పలుచని గుడ్డ కట్టి, కుండీతో సహా వాననీళ్ల బకెట్టులో మొక్క మొత్తం మునిగేలా నీడన రెండు రోజులు ఉంచాను. నాలుగు బోన్లు నల్లబడ్డాయి, దానికి దిగులు పడనక్కరలేదు, మొక్క ప్రాణం మట్టిలో ఉన్న దుంపలో ఉంటుంది. వారం తర్వాత మళ్లీ ముంచాను. ఆడ పేనుబంక మగదానితో పనిలేకుండానే నేరుగా పిల్లలను పెడుతుంది, ఒక్కటి మిగిలినా మళ్లీ గుంపే తయారవుతుంది.

ముంచే నీళ్లయినా, రోజూ పోసే నీళ్లయినా బోరువి కాకూడదు. లవణాలు 50 పీపీఎం (అంటే పది లక్షల భాగాల్లో 50 భాగాలు) దాటని నీళ్లు కావాలి, మా బోరు నీళ్లలో మీటరు పెడితే 1,100 చూపించింది. ఈశాన్య రుతుపవనాల వానలను కార్తికంలో డ్రమ్ములకు పట్టుకుంటాను, అవి అయిపోతే ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లు పోస్తాను. ఎరువు, వర్మికంపోస్టు దగ్గరికి రానీయను. అమెరికాలో కరోలినా రాష్ట్రాల బురదనేలల్లో పుట్టిన ఈ మొక్కకు చలికాలపు నిద్ర కూడా అవసరం. మన ఊళ్లలో అంత చలి దొరకదు కాబట్టి మొక్క నీరసపడిన ప్రతిసారీ తప్పు పురుగుదే అనుకోకూడదు.

పిండినల్లి వేళ్లలోకి దిగితే మాత్రం ముంచడం చాలదు, ఒంటి మీది మైనం దాన్ని నీటి నుంచి కాపాడుతుంది. అప్పుడు పాత పీట్ అంతా దులిపి, వేళ్లు కడిగి, కొత్త మిశ్రమంలో నాటాలి. అప్పటికీ పోకపోతేనే బాబాయిగారి సీసా, అదీ సీసా మీద రాసిన మోతాదు దాటకుండా, కుండీని మునగపూతకు దూరంగా పెట్టి.

రెండోసారి ముంచిన ఇరవై రోజులకు మా మొక్క నడిమధ్య నుంచి ఒక చిగురు వంకర లేకుండా, నిటారుగా లేచింది.