ఉమ్ కుల్సూమ్‌ను వెతుకుతూ కైరోలో మూడు రోజులు

కువైట్‌లో కొన్నేళ్లు పనిచేసినవాళ్లకు ఈజిప్టు మహాగాయని ఉమ్ కుల్సూమ్ గొంతు తెలియకుండా ఉండదు. టాక్సీలో ఆమే, మంగలి దుకాణంలో ఆమే. మా ఆఫీసులోని ఈజిప్టు మిత్రుడు ఆమెను పేరు పెట్టి అనడు. ‘అస్సిత్’ అంటాడు, మనం ‘అమ్మగారు’ అన్నట్టు. ఆవిడ ఆరు సినిమాల్లో నటించిందని అతను చెప్పాక, వాటిలో రెండు చూసుకుని, కిందటి శీతాకాలం మా ఆవిడతో కైరో వెళ్లాను. పిరమిడ్లూ చూశాం కానీ వాటి గురించి రాసేవాళ్లకు కొదవ లేదు.

మొదటి రాత్రి జమాలిక్ దీవిలో దిగాం. ఆమె బంగళా అక్కడే నైలు ఒడ్డున ఉండేది. దాన్ని కూల్చి కట్టిన ఎత్తయిన భవనంలో ఇప్పుడు ఆమె పేరుతో హోటల్ ఉంది. దగ్గర్లో విగ్రహం కూడా ఉంది. అంతకుమించి ఆమె జాడ వెతికితే నిరాశే. చెట్లూ ప్రశాంతతా కావాలంటే జమాలిక్ మంచిదే, గది అద్దె మాత్రం ఎక్కువ. మర్నాడు నగరం నడిబొడ్డున తలాత్ హర్బ్ కూడలి దగ్గర ఒక పాత మేడలోని లాడ్జికి మారాం. ఇనుప కటకటాల లిఫ్టు, ఎత్తయిన కప్పు, ఉదయం ఏడు దాటితే చల్లనీళ్లు. అయినా నాకు అదే నచ్చింది. కూడలిలో నిలబడ్డ విగ్రహం తలాత్ హర్బ్‌దే మరి. బ్యాంక్ మిస్ర్ పెట్టి, ఆ సొమ్ముతోనే 1935లో స్టూడియో మిస్ర్‌ను నిలబెట్టినవాడు. ఆ స్టూడియో తీసిన తొలి చిత్రమే ఉమ్ కుల్సూమ్‌కూ తొలి చిత్రం, 1936 నాటి ‘విదాద్’. అప్పుల్లో మునిగిన యజమానిని గట్టెక్కించడానికి తనను అమ్మేయమని అడిగే బానిస గాయని కథ. నటన అంతంతమాత్రం, పాట ఎత్తుకోగానే అదంతా మరిచిపోతాం.

తిండికి బెంగ లేదు. అన్నం, పప్పు, మాకరోనీ, శనగలు, పైన వేయించిన ఉల్లిపాయలు కలిపిన కోషరీ ఏ వీధిలోనైనా దొరుకుతుంది. శాకాహారులు నిశ్చింతగా ఉండవచ్చు. మనకు కారం చాలదు, అదనంగా అడిగి వేయించుకోవాలి.

అసలు చూడవలసింది రోదా దీవి దక్షిణపు కొనన, మనస్తర్లీ భవనం ఆవరణలోని ఉమ్ కుల్సూమ్ మ్యూజియం. టాక్సీ ఎక్కి మ్యూజియం అన్నానో లేదో, డ్రైవర్ తహ్రీర్ కూడలిలోని పాత ఈజిప్షియన్ మ్యూజియం ముందు దింపి, అడిగినంతా పుచ్చుకుని చక్కా పోయాడు. పోనీలే అని అక్కడే సాదాత్ స్టేషన్లో మెట్రో ఎక్కాం. మూడో స్టేషన్ మలిక్ అల్ సాలిహ్. అక్కడి నుంచి వంతెన దాటి నడిచాం. మెట్రోలో ఆడవాళ్లకు వేరే పెట్టెలున్నాయి, మా ఆవిడ హాయిగా కూర్చుని వచ్చింది. నేను నిలబడ్డాను.

మ్యూజియం చిన్నది, 2001లో తెరిచారు. టికెట్ ఖర్చు లెక్కలోకి రాదు. గౌన్లు, పతకాలు, దౌత్య పాస్‌పోర్టు, చేతిలో పట్టుకునే ఆ పల్చని రుమాలు, నల్ల కళ్లద్దాలు. ఆ అద్దాల ముందు చాలాసేపు నిలబడిపోయాను. థైరాయిడ్ జబ్బు వల్ల ఆమె కళ్లు దెబ్బతిన్నాయి, స్టూడియో దీపాల వెలుగు పడేది కాదంటారు. 1947లో వచ్చిన ‘ఫాత్మా’తో సినిమాలు ముగిశాయి. అందులో ఆమె నర్సు. పాషా బిరుదున్న పెద్దమనిషి తమ్ముడు రహస్యంగా పెళ్లాడి మోసం చేస్తాడు. ‘విదాద్’ కన్నా నాకు ఇదే నచ్చింది, ఎందుకంటే ఇందులో రాజుల కాలపు వేషాలు లేవు. చిత్రమేమిటంటే, మన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి హిందీ ‘మీరా’ వచ్చిందీ 1947లోనే, ఆమె సినిమాలు ముగిసిందీ దానితోనే.

చిన్న హాల్లో ఆమె జీవితం మీద డాక్యుమెంటరీ వేస్తారు. వదలకండి. పక్కనే నైలు వరద కొలిచిన తొమ్మిదో శతాబ్దపు బావి ఉంది, దాని నడుమ కొలగీతల పాలరాతి స్తంభం. మా ఆవిడ ఓటు మ్యూజియానికి కాదు, ఈ బావికే.

చివరి సాయంత్రం ఆమె పేరు పెట్టుకున్న పాత టీ దుకాణంలో గడిపాం. గోడకు టీవీ, అందులో నలుపు తెలుపు కచేరీ. ఈజిప్టులో టెలివిజన్ 1960లో మొదలైంది. మనకు ఆమె వేదిక మీద కదిలే తీరు దక్కింది ఆ చలవే. సినిమాల్లో బిగుసుకుపోయిన మనిషి ఇక్కడ ఒకే పాదాన్ని పదిసార్లు పదిరకాలుగా పాడుతుంటే, పక్క బల్ల పెద్దాయన కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు. 1999 రంజాన్‌లో ఆమె జీవితం సీరియల్‌గా వచ్చినప్పుడు మా వీధిలో మనిషి కనిపించేవాడు కాదని ఆయనే చెప్పాడు. సబ్రీన్ వేసిన పాత్ర అది. మన ఆదివారం ఉదయాల రామాయణం గుర్తొచ్చింది.

విమానానికి వేళయిందని మా ఆవిడ లేచింది. అప్పటికి మూడు టీలు అయ్యాయి, పాట ఇంకా సగానికి రాలేదు.