థీసిస్‌కు బయట సిమిలారిటీ రిపోర్టు కొనేవారికి హెచ్చరిక

పీహెచ్‌డీ థీసిస్ సమర్పించే ముందు సిమిలారిటీ శాతం (ఇతర రచనలతో సరిపోలే పాఠం వంతు) ఎంత వస్తుందో బయట డబ్బు చెల్లించి చూసుకోవాలనుకునే పరిశోధకులు, తమ ఫైలును ఎవరికైనా పంపేలోపే ఇది చదవవలసిందిగా మనవి.

హైదరాబాదులో థీసిస్ టైపింగు, బైండింగు చేసే ఒక కేంద్రం నా దగ్గర 1,500 రూపాయలు తీసుకుని, 8 శాతం అని టర్నిటిన్ (పోలికలను పట్టే సాఫ్ట్‌వేర్) రిపోర్టు ఇచ్చింది. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలికలకు ఎటువంటి చర్యా ఉండదు కనుక, నిశ్చింతగా సమర్పించుకోవచ్చని భరోసా కూడా ఇచ్చారు. అదే ఫైలును యూనివర్సిటీ లైబ్రరీలో పరీక్షిస్తే 91 శాతం వచ్చింది. 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు కావచ్చునని తెలిసినవారికి, ఆ అంకె చూసిన పరిశోధకుడి పరిస్థితి వేరే చెప్పనక్కరలేదు.

లైబ్రరీ రిపోర్టులో, నా ఫైలుతో సరిపోలిన మొదటి ఆధారంగా కనిపించినది పుస్తకమో పత్రికా వ్యాసమో కాదు. ఏదో విదేశీ విశ్వవిద్యాలయంలో విద్యార్థి సమర్పించిన పత్రమని అక్కడ నమోదై ఉంది. ఆ పత్రం నా థీసిసే. టర్నిటిన్‌ను సాధారణంగా విద్యాసంస్థలకే అమ్ముతారు కాబట్టి, ఇటువంటి కేంద్రాలు ఎలాగో సంపాదించిన ఏదో సంస్థ ఖాతాలోంచి పని నడిపిస్తాయి. ఫైలును భద్రపరచవద్దన్న సెట్టింగు పెట్టకుండా ఎక్కిస్తే అది డేటాబేసులో ఉండిపోయి, ఆ తరువాత మన ఫైలు మనదానితోనే సరిపోలుతుంది. దానిని తొలగించమని కోరే అధికారం ఆ సంస్థ నిర్వాహకులకే ఉంటుంది. డబ్బు కట్టిన మనకు ఉండదు.

ఇక ఆ 8 శాతం సంగతి. రిపోర్టు చివరి పేజీ అడుగున, ఎవరూ చూడని చోట, చిన్న అక్షరాలలో మినహాయింపుల వివరాలు ఉన్నాయి: ఉటంకింపులు, గ్రంథసూచి తీసివేయడమే కాక, 40 పదాల లోపు పోలికలన్నిటినీ లెక్కలోంచి తప్పించారు. యూజీసీ యాదృచ్ఛికమైన పోలికలకు ఇచ్చిన వెసులుబాటు వరుసగా 14 పదాల వరకే. లైబ్రేరియన్ గారు నా పాత ప్రతిని మినహాయించి, 14 పదాల హద్దుతో మళ్లీ పరీక్షిస్తే 23 శాతం తేలింది. 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే, ఆరు నెలలకు మించని గడువులో సవరించి మళ్లీ సమర్పించవలసి ఉంటుంది.

ఆ శాతం రచనలో సరిపోలిన పాఠం ఎంతో చెబుతుందే తప్ప, అది గ్రంథచౌర్యమో కాదో చెప్పదు. నా 23లో అధిక భాగం చట్టం సెక్షన్ల పాఠం, పరిశోధనా పద్ధతి గురించి అందరూ రాసే వాక్యాలు. చట్టాలను లెక్కలోంచి తీసివేయవచ్చని నిబంధనలే చెబుతున్నాయి. నిజంగా తిరిగి రాయవలసినది పూర్వ పరిశోధనల సమీక్షా అధ్యాయంలో ఒకే వ్యాసంతో సరిపోలిన 4 శాతం. చూడవలసినది మొత్తాన్ని కాదు, ఒక్కొక్క ఆధారం పక్కనున్న అంకెను.

డబ్బు తిరిగి అడిగితే, మరో 6,000 ఇస్తే శాతం తగ్గించి పెడతామన్నారు. పోలిక దొరకకుండా మాటలు మార్చి నమూనాగా పంపిన పేజీలో 'బిగ్ డేటా' కాస్తా 'కొలోసల్ ఇన్ఫర్మేషన్' అయింది! ఇటువంటి వికృత పదబంధాలున్న వ్యాసాలను పట్టుకుని పత్రికలు ఉపసంహరిస్తున్న రోజులివి.

శోధ్‌శుద్ధి పథకం కింద, యూజీసీకి చెందిన ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం అనేక విశ్వవిద్యాలయాలకు ఇటువంటి సాఫ్ట్‌వేర్ అందిస్తోంది. ముందు మీ లైబ్రరీలో, మీ గైడు ద్వారా అడగండి. అడిగేటప్పుడు చిత్తుప్రతిని భద్రపరచకుండా పరీక్షించమని చెప్పి, వచ్చిన రిపోర్టును మినహాయింపుల పేజీతో సహా పూర్తిగా తీసుకోండి.