బాబాయితో ఢిల్లీ పూసా కృషి మేళా
ఫిబ్రవరి చివర్లో మా బాబాయిని పూసా మేళాకి తీసుకెళ్ళా, అంటే ఢిల్లీలో పూసా అని పిలిచే వ్యవసాయ పరిశోధన సంస్థ (IARI) పెట్టే రైతుల మేళా. మాది నల్గొండ వైపు, వరే వేస్తాం. సికింద్రాబాద్‌లో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున న్యూఢిల్లీలో దిగాం, రూమ్ కరోల్‌బాగ్‌లో తీసుకున్నాం, మేళాకి అక్కడినుంచి ఆటోలో దగ్గరే. కానీ ఫోన్లో గీజర్ ఉందన్న హోటల్ వాళ్ళు తెల్లారి చూస్తే చన్నీళ్ళే ఇచ్చారు, ఆ చలిలో బాబాయి వణికిపోయాడు, పెద్దవాళ్ళతో వెళ్తే ఇదొక్కటి రెండుసార్లు అడిగి బుక్ చేయండి.

మేళాలో ముందు స్టాళ్ళలోకి దూరకండి, నేరుగా పంట మళ్ళ దగ్గరికి పొండి. గోధుమ అప్పటికి వెన్ను మీదుంటుంది, ఆవాలు కాయ పట్టి ఉంటాయి, ఏ మడికామడికి రకం పేరు రాసిన బోర్డు. బాబాయి జన్మలో గోధుమ వేసింది లేదు, అయినా ఒంగి వెన్నులో గింజలు లెక్కపెడుతూ గంట సేపు కదల్లేదు, నేనూ తొందరపెట్టలేదు. పొద్దున్నే అయితే సైంటిస్టులు మళ్ళ దగ్గరే ఉంటారు, తీరిగ్గా చెప్తారు, పదకొండు దాటాక జనంలో ఎవరి మాటా వినపడదు. అంతా హిందీయే, మా అదృష్టం కొద్దీ తెలుగొచ్చిన పీహెచ్‌డీ అబ్బాయి ఒకడు దొరికాడు.

బాబాయి పూసా బాస్మతి 1509 అనే వరి రకం విత్తనం కోసం లైన్లో నిలబడబోతే ఆ అబ్బాయే ఆపాడు. జీఐ (ఒక ప్రాంతానికే చెందిన పేరుకి ఇచ్చే గుర్తింపు) రూల్ ప్రకారం పంజాబ్, హర్యానా, ఢిల్లీ, హిమాచల్, ఉత్తరాఖండ్, ఇంకా పశ్చిమ యూపీ, జమ్మూల్లో కొన్ని జిల్లాలు, అక్కడ పండిందే బాస్మతి, మనం పండిస్తే ఆ పేరుతో అమ్ముకోలేం. పైగా గింజ పాలు పోసుకునేటప్పుడు చల్లగా ఉంటేనే ఆ వాసన వస్తుందట. ఇది తెలీక మనవాళ్ళు ఎంతమంది బస్తాలు మోసుకెళ్తున్నారో అనిపించింది, బాధేసింది కూడా. మేం కూరగాయ విత్తనాలు తీసుకున్నాం, ఆ లైన్ కూడా పెద్దదే.

నాకు మాత్రం బాగా పనికొచ్చింది పూసా డీకంపోజర్, కోత తర్వాత మిగిలిన గడ్డిని పొలంలోనే కుళ్ళబెట్టే శిలీంధ్రాల మందు. 4 క్యాప్సూల్స్, బెల్లం, శనగపిండి కలిపి పులియబెడితే 25 లీటర్ల ద్రావణం, అది ఒక హెక్టారు గడ్డికి సరిపోతుంది. హార్వెస్టర్ కోసి వెళ్ళాక మా దగ్గర కూడా కొయ్యకాలు తగలబెట్టేస్తున్నారు, పొగకి మా అమ్మ రాత్రంతా దగ్గుతుంది, ఈసారి మా పొలంలో అగ్గిపుల్ల గీయనివ్వను.

తిండి విషయానికొస్తే మేళాలో పూరీలు నూనె కారుతున్నాయి, బాబాయి ముట్టుకోలేదు. సాయంత్రం అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కి తీసుకెళ్ళా, పప్పు, పచ్చడి మళ్ళీ మళ్ళీ అడిగి వడ్డిస్తారు, అన్నం చూశాకే మనిషి తేరుకున్నాడు. పాలీహౌస్‌ల (ప్లాస్టిక్ షీటు కప్పి పంటలు పెంచే షెడ్ల) వైపు అసలు వెళ్ళనేలేదు, వచ్చే ఏడు రెండు రోజులు పెట్టుకుని వెళ్తాం.