డీడీక్లయింట్: లాగ్‌లో సక్సెస్, ఇంట్లోకి మాత్రం నో ఎంట్రీ

ఇంటి నెట్ ఐపీ (అడ్రస్ నంబరు) మారినప్పుడల్లా మన డొమైన్ పేరును కొత్త ఐపీకి మళ్లించే చిన్న ప్రోగ్రామ్ డీడీక్లయింట్. అందులో నాకు బాగా నచ్చింది దాని గొడవలేనితనం. అప్పుడప్పుడూ బయటి సైట్‌ని మన ఐపీ ఏంటో అడుగుతుంది, తన క్యాష్ ఫైల్లో రాసుకున్నదానితో పోల్చుకుంటుంది, తేడా ఉంటేనే డీఎన్ఎస్ (పేరుకు ఐపీ చెప్పే సేవ) వాళ్లకు కబురు పెడుతుంది. బైరాగిపట్టెడలోని మా ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద డెబియన్ వేసి దీన్ని పెట్టాను. కరెంటు పోయి వస్తే రౌటర్ కొత్త ఐపీ తెచ్చుకునేది. రేణిగుంట ఆఫీసు నుంచి నేను ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్) కొట్టేసరికి పేరు కొత్త ఐపీకి సర్దుకునే ఉండేది.

ఒకరోజు కనెక్ట్ కాలేదు. సాయంత్రం ఇంటికొచ్చి లాగ్ చూస్తే సక్సెస్ అనే ఉంది. పేరు చూపిస్తున్న ఐపీ, బయటి సైట్ చెప్పే ఐపీ ఒకటే. బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను రౌటర్ ల్యాప్‌టాప్‌కి పంపే పోర్ట్ ఫార్వర్డింగ్ చెక్కుచెదరలేదు. రౌటర్ పేజీ తెరిచిన మా తమ్ముడు, "అన్నా, ఇక్కడేదో 100.72 అని ఉందే" అన్నాడు. అప్పుడు తెలిసింది, నెట్ వాళ్లు చెప్పాపెట్టకుండా మమ్మల్ని సీజీనాట్‌లోకి, అంటే ఒకే బయటి ఐపీని చాలా ఇళ్లకు పంచే ఏర్పాటులోకి, తోసేశారని. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రస్‌లను 2012లో ఇందుకే పక్కన పెట్టారు. బయటికి కనిపించే ఐపీని ఎంతోమంది పంచుకుంటారు. సత్రం అడ్రస్ ఇచ్చి గది నంబరు చెప్పనట్టే.

ఇందులో డీడీక్లయింట్ తప్పేం లేదు. డీఎన్ఎస్ వాళ్లు అప్‌డేట్ తీసుకున్నారన్నదే ఆ సక్సెస్‌కి అర్థం. కానీ ఆ మాట చూసి సాయంత్రమంతా రౌటర్‌ని తిట్టుకున్నాను, ఆ కోపం ఇంకా ఉంది. ఇందాక మెచ్చుకున్న క్యాష్‌తో కూడా ఒక చిక్కుంది. అది తన ఫైలునే నమ్ముతుంది, అసలు డీఎన్ఎస్‌లో ఏముందో చూడదు. అక్కడ ఎవరైనా చేత్తో మారిస్తే, ఐపీ మారనంత వరకు డిఫాల్ట్‌గా 25 రోజుల దాకా దానికి పట్టదు. వెంటనే కావాలంటే ఫోర్స్ ఆప్షన్‌తో నడపాలి.

ఇదే పని చేసే ఇనాడిన్ కూడా వేసి చూశాను. సీ భాషలో రాసింది, డీడీక్లయింట్‌కు లాగా పెర్ల్ భాష అక్కర్లేదు, చిన్న బోర్డులకు హాయి. సీజీనాట్ దగ్గర మాత్రం దానిదీ అదే గతి.

చివరికి గట్టెక్కించింది ఐపీవీ6, అంటే ప్రతి పరికరానికీ సొంత అడ్రస్ ఇవ్వగలిగే కొత్త తరహా ఐపీ. అక్కడ పంచుకోవడం అక్కర్లేదు. 3.10 వెర్షన్ నుంచి డీడీక్లయింట్‌లో పాత తరహా వీ4కు, కొత్త వీ6కు వేర్వేరు సెట్టింగులున్నాయి. రౌటర్ ఫైర్‌వాల్‌లో దారి ఇచ్చాక మొబైల్ డేటా మీద ఇల్లు మళ్లీ అందింది. ఆఫీసు నెట్‌లో ఐపీవీ6 లేదు కాబట్టి అక్కడ ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుంటున్నాను. నాకు ఇది చాలు, డీడీక్లయింట్‌నే ఉంచుకున్నాను. ఆఫీసు నెట్ నుంచే పని జరగాల్సినవాళ్లు క్లయింట్ ఏదా అని చూసేలోపు రౌటర్‌లో వ్యాన్ ఐపీ (నెట్ వాళ్లు రౌటర్‌కు ఇచ్చినది) ఏముందో చూసుకోండి. అది 100తో మొదలై, చుక్క తర్వాతి రెండో సంఖ్య 64 నుంచి 127 దాకా ఉంటే, స్టాటిక్ ఐపీకి (మారని సొంత ఐపీకి) ఎంత అడుగుతారో నెట్ వాళ్లకే ఫోన్ చేయండి.