పూత ఫిల్మ్ రీసైక్లింగ్ పద్ధతి: దాచుకోవడమా, నిదానంగా పేటెంటా, స్పీడుగా పేటెంటా?

పాత ఎక్స్‌రే ఫిల్ములు కిలోల లెక్కన కొనేవాళ్లు వైజాగ్‌లో ఎప్పటినుంచో ఉన్నారు. వాళ్ల కన్నంతా వెండి మీదే. కాస్టిక్ కలిపిన వేడినీళ్లలో ఫిల్ము ముంచితే జిలెటిన్ పొర ఊడిపోయి, వెండి దానితోపాటు అడుక్కి దిగుతుంది. మిగిలిన నీలం షీటు మంచి పాలిస్టర్, అంటే పెట్. కానీ దాన్ని నేరుగా కరిగించి చిప్స్ (మళ్లీ వాడుకునే ప్లాస్టిక్ గుళికలు) చేద్దామంటే కుదరదు. జిలెటిన్ పట్టు నిలవడానికి చాలా రకాల ఫిల్ముల్లో పీవీడీసీ (క్లోరిన్ ఉన్న ఒక ప్లాస్టిక్) లాంటి పల్చటి పూత ఒకటి కింద ఉంటుంది. పెట్ కరగాలంటే దాదాపు 255 డిగ్రీలు కావాలి. పీవీడీసీ అంత వేడికి నిలవదు, ముందే విరిగిపోయి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వదులుతుంది. చిప్స్ గోధుమ రంగుకి, కొన్నిసార్లు నలుపుకి తిరుగుతాయి. ప్లాస్టిక్‌ని కరిగించి బయటికి నెట్టే యంత్రం, అంటే ఎక్స్‌ట్రూడర్, దాని బ్యారెల్ తుప్పు పడుతుంది. లేబుల్ స్టిక్కర్ల వెనక వచ్చే లైనర్‌దైతే సిలికోన్ గొడవ. మెటలైజ్డ్ ఫిల్ముదైతే అల్యూమినియం గొడవ. కాస్టిక్‌లో వేస్తే అల్యూమినియం హైడ్రోజన్ వాయువు వదులుతుంది కాబట్టి మూసిన షెడ్డులో ఆ పని చేస్తే ప్రమాదం.

ఇప్పుడు గాజువాక ఆటోనగర్‌లో ఒక చిన్న యూనిట్ ఉందనుకుందాం. జిలెటిన్, పీవీడీసీ రెండూ ఒకే తొట్టెలో ఊడి, పెట్ మాత్రం దెబ్బతినకుండా బయటికొచ్చే పద్ధతి వాళ్లకి దొరికింది. దీన్నేం చేయాలి? దారులు మూడు. ఎవరికీ చెప్పకుండా దాచుకోవడం. పేటెంటు వేసి, పేటెంటు ఆఫీసు చేసే మామూలు పరీక్షకి వదలడం. లేదా త్వరిత పరీక్ష అడిగి నెలల్లో తేల్చుకోవడం.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ప్రొవిజనల్, అంటే ముందుగా తేదీ పట్టుకునే తాత్కాలిక దరఖాస్తు, వేసి మామూలు దారిలో వెళ్లడమే ఎక్కువమందికి మేలు. స్పీడు దారి కొందరికే పనికొస్తుంది. పూర్తి రహస్యం అంతకంటే తక్కువమందికి.

రహస్యం వైపు వాదన బలమైనదే. "చిప్స్ చూసి ఏ తొట్టెలో కడిగామో ఎవడు చెప్పగలడండీ?" అని అడిగే యజమానికి వెంటనే జవాబు చెప్పడం కష్టం. ఫీజులు లేవు, పేటెంటుకుండే 20 ఏళ్ల గడువూ లేదు. కానీ వైజాగ్ లాంటి చోట రహస్యం నిలవడం ఎంత కష్టమో షెడ్డు నడిపినవాళ్లకి తెలుసు. ఆటోనగర్‌లో పనివాళ్లు ఇవాళ ఈ షెడ్డు, వచ్చే నెల పక్క షెడ్డు. రెండు వేలు ఎక్కువిస్తానంటే మీ తొట్టె దగ్గర నిలబడ్డ మనిషి వెళ్లిపోతాడు. మీ రెసిపీలో ఏ డబ్బా ముందు పోయాలో, ఏది తర్వాతో అతని చేతులకి తెలుసు. మన దేశంలో వ్యాపార రహస్యాల కోసం విడిగా ఒక చట్టం కావాలని లా కమిషన్ 2024లో తన 289వ నివేదికలో సిఫారసు చేసింది. అంతవరకూ ఉద్యోగితో రాసుకున్న ఒప్పందం, నమ్మకద్రోహం అన్న వాదన, వీటితోనే కోర్టుకెళ్లాలి. షెడ్డు పనివాడి చేత ఒప్పందం రాయించుకున్నవాళ్లు నాకైతే పెద్దగా కనబడలేదు.

ఇంకో లీకు గురించి ఎవరూ ఆలోచించరు. కాస్టిక్ వాడే యూనిట్ పెట్టాలంటే కాలుష్య నియంత్రణ మండలి నుంచి ముందు స్థాపనకి, తర్వాత నడపడానికి అనుమతులు తీసుకోవాలి. ఆ దరఖాస్తులో ప్రాసెస్ ఫ్లో, వాడే రసాయనాలు, వ్యర్థ జలం ఎంత, అందులో ఏముంటుంది అన్నీ రాయాలి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(డి) వ్యాపార రహస్యాలకి మినహాయింపు ఇస్తుంది కానీ, ఆ కాగితంలో ఏది రహస్యమో మీరు ముందే గట్టిగా చెప్పి ఉంటేనే ఆ మినహాయింపు అడగడం తేలిక. ఎంతమంది చెబుతారు? కన్సల్టెంట్ పాత ఫైల్లోంచి కాపీ చేసి పెట్టేస్తాడు.

అసలు ఉచ్చు వేరే ఉంది. "రెండేళ్లు రహస్యంగా నడిపి చూద్దాం, బాగుంటే అప్పుడు పేటెంటు వేద్దాం" అని చాలామంది అంటారు. పేటెంట్ల చట్టం, 1970లో సెక్షన్ 64(1)(ఎల్) అని ఒకటుంది. దరఖాస్తు తేదీకి ముందే ఆ ఆవిష్కరణని దేశంలో రహస్యంగా వాడి ఉంటే, పేటెంటు రద్దుకి అదొక కారణం అవుతుంది. సహేతుకమైన ట్రయల్, ప్రయోగం అయితే పరవాలేదు. కానీ టన్నుల్లో చిప్స్ అమ్ముకుంటూ దాన్ని ట్రయల్ అనలేం. పైగా మరొకరు సొంతంగా అదే కనిపెట్టి పేటెంటు తెచ్చుకుంటే, ముందునుంచీ రహస్యంగా వాడుతున్నవాడికి అలాగే కొనసాగే హక్కంటూ మన చట్టంలో విడిగా రాసిలేదు. అంటే రహస్యం నుంచి పేటెంటుకి వెళ్లే తలుపు, వ్యాపారం మొదలైన రోజే మూసుకుపోవడం మొదలవుతుంది.

పేటెంటు దరఖాస్తు నుంచి రహస్యానికి తిరిగొచ్చే తలుపు మాత్రం కొన్నాళ్లు తెరిచే ఉంటుంది. నా లెక్కంతా దీని మీదే.

ప్రొవిజనల్ స్పెసిఫికేషన్ (పద్ధతిని వివరించే పత్రం) వేస్తే పూర్తి స్పెసిఫికేషన్‌కి 12 నెలల టైముంటుంది. చిన్న యూనిట్‌కి ఆన్‌లైన్ ఫీజు 1,600 రూపాయలు. దరఖాస్తు 18 నెలలు నిండాక పేటెంట్ జర్నల్‌లో ప్రచురణ అవుతుంది, అది ప్రతి శుక్రవారం వస్తుంది. 15 నెలల లోపు వెనక్కి తీసుకుంటే ప్రచురణే ఉండదు. ప్రచురణ లేకపోతే మీ రెసిపీ ఎవరికీ తెలియదు, రహస్యం రహస్యంగానే మిగులుతుంది. ఈ 15 నెలల్లో మీరు చిప్స్ అమ్ముకోవచ్చు కూడా. ప్రొవిజనల్‌లో ఉన్న విషయానికి మీ తేదీ ముందే పడిపోయింది కాబట్టి ఆ తర్వాతి అమ్మకం మీ దరఖాస్తుని దెబ్బతీయదు. అయితే ప్రొవిజనల్‌ని రెండు ముక్కల్లో రాసి పడేయకండి. అందులో లేని విషయానికి ఆ తేదీ దొరకదు.

ఈ 12 నెలలు దేనికి వాడాలన్నది పేటెంటు ఆఫీసు ఎగ్జామినర్ ఏమంటాడో తెలిస్తే అర్థమవుతుంది. క్లెయిమ్, అంటే మీరు హక్కు కోరే అంశం, ఇలా రాశారనుకోండి: "పూత ఉన్న పాలిస్టర్ ఫిల్మును ముక్కలు చేసి, క్షార ద్రావణంలో కడిగి, ఆరబెట్టి, కరిగించే పద్ధతి." ఇది మొదటి పరీక్ష నివేదికలోనే పోతుంది. ఫొటోగ్రాఫిక్ ఫిల్ముని క్షారంతో కడిగి వెండీ పాలిస్టరూ తీయడం దశాబ్దాల నాటి సంగతి. ఎగ్జామినర్ ఒకటి రెండు పాత పేటెంట్లు పక్కపక్కన పెట్టి, ఈ రంగంలో పనిచేసేవాడికి ఇది తట్టేదేనంటాడు. దానికితోడు సెక్షన్ 3(డి) తీస్తాడు. ఆ సెక్షన్ అనగానే అందరికీ మందుల కంపెనీలే గుర్తొస్తాయి. కానీ అందులో చివరి మాట, తెలిసిన ప్రక్రియని ఊరికే వాడటం ఆవిష్కరణ కాదని. కొత్త ఉత్పత్తి అయినా రావాలి, కనీసం ఒక కొత్త రియాక్టెంట్ (చర్యలో పాల్గొనే రసాయనం) అయినా ఉండాలి.

కాబట్టి క్లెయిమ్ ఇరుకుగా ఉండాలి, లెక్కలతో ఉండాలి. ఏ ఉష్ణోగ్రతల మధ్య, కాస్టిక్ ఎంత శాతం, దానికి తోడు ఏ ద్రావకం, ఎన్ని నిమిషాలు, ఏది ముందు ఏది తర్వాత. కాస్టిక్ ఎక్కువైతే పూతతోపాటు పెట్ ఉపరితలాన్నీ తింటుంది, టెరెఫ్తాలిక్ ఆమ్లపు ఉప్పూ ఇథిలీన్ గ్లైకాలూ నీళ్లలోకి పోతాయి. తక్కువైతే పీవీడీసీ మిగిలి చిప్స్ నల్లబడతాయి. మీ పద్ధతి ఈ రెండింటి మధ్య ఎక్కడ నిలబడిందో, ఎందుకు నిలబడిందో చూపాలి. పాత పద్ధతిలో కడిగిన చిప్స్ ఐవీ (పాలిస్టర్ నాణ్యత చెప్పే స్నిగ్ధత కొలత) ఎంత, మీ చిప్స్ ఐవీ ఎంత. పసుపుదనం ఎంత. క్లోరిన్ ఎంత మిగిలింది. తోసిపుచ్చలేని వాదన అక్కడినుంచే వస్తుంది. ఈ డేటా పూర్తి స్పెసిఫికేషన్‌లోనే ఉండాలి, ఎందుకంటే తర్వాత కొత్త విషయం చేర్చడానికి సెక్షన్ 59 ఒప్పుకోదు.

పరీక్షల కోసం ఆంధ్రా యూనివర్సిటీ ల్యాబుకో మరో ల్యాబుకో శాంపిల్స్ ఇచ్చేటప్పుడు ఒక గోప్యత కాగితం రాయించుకోండి. ప్రొవిజనల్ పడకముందు మాత్రం ఏ సెమినార్‌లోనూ పేపర్ చదవనివ్వకండి. పేపర్లకి చట్టంలో కొంత వెసులుబాటు ఉంది కానీ అది చాలా ఇరుకైనది, దాన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోలేం.

మరి సగం రాసి సగం దాచుకుంటే? కుదరదు. మీకు తెలిసిన మేలైన పద్ధతిని బయటపెట్టాలని సెక్షన్ 10(4) అడుగుతుంది. ఆ ఒక్క డబ్బా పేరు దాచి మిగతావి రాస్తే, పేటెంటు వచ్చినా రద్దు కేసులో అదే మెడకి చుట్టుకుంటుంది.

ఇక స్పీడు దారి. అర్హత తెచ్చుకోవడం కష్టమేం కాదు. స్టార్టప్‌లు, చిన్న సంస్థలు, అందరూ వ్యక్తులే అయిన దరఖాస్తుల్లో ఒక మహిళ ఉన్నవాళ్లు, అందరూ త్వరిత పరీక్ష అడిగే ఫారం 18ఏ వేయొచ్చు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే మీదీ చిన్న సంస్థ కోవలోకే వస్తుంది. ఫీజు 8,000. మామూలు ఫారం 18కైతే 4,000. స్పీడుగా వెళ్లాలంటే ముందస్తు ప్రచురణకి ఫారం 9 కూడా వేయాలి, దానికి 2,500. ఇంతా కలిపి డబ్బులో తేడా పెద్దదేం కాదు. తేడా అంతా ఆ ఫారం 9లోనే ఉంది. అది వేసిన నెల రోజుల్లో మీ పద్ధతి జర్నల్‌లో పడుతుంది. పరీక్షలో ఓడిపోతే పేటెంటూ లేదు, రహస్యమూ లేదు. సూరత్‌లో షెడ్డు ఉన్నవాడు మీ స్పెసిఫికేషన్ డౌన్‌లోడ్ చేసుకుని తొట్టె కట్టుకుంటాడు. మీరేం చేయలేరు.

అయినా స్పీడు దారి సరైన సందర్భాలున్నాయి. ఎవరైనా ఇప్పటికే కాపీ కొడుతుంటే ఒకటి. ప్రచురణ తేదీ నుంచే మీ హక్కు లెక్కలోకి వస్తుంది, కానీ దావా వేయాలంటే గ్రాంటు (పేటెంటు మంజూరు) రావాలి కాబట్టి గ్రాంటు తొందరగా రావాలి. పెట్టుబడిదారు పేటెంటు నంబర్ చూపిస్తేనే చెక్కు రాస్తానంటే రెండోది. లైసెన్సు ఇవ్వడమే మీ వ్యాపారమైతే మూడోది. ఈ మూడూ లేనివాళ్లు "స్పీడుగా వస్తుందట కదా" అని వేస్తే, తమ చేతిలో ఉన్న 15 నెలల గడువుని తామే ఫీజు కట్టి మరీ పోగొట్టుకుంటున్నట్టు.

మామూలు దారి నిదానమే. దరఖాస్తు వేసిన 31 నెలల్లోపు పరీక్ష అడగాలి, మర్చిపోతే దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే లెక్క. పాతవాళ్లకి 48 నెలలు అని గుర్తుంటుంది, 2024 మార్చి నుంచి వేసినవాటికి అది మారింది. పరీక్ష నివేదిక వచ్చాక జవాబుకి ఆరు నెలలు. మన రాష్ట్రం చెన్నై ఆఫీసు పరిధిలోకి వస్తుంది కానీ అంతా ఆన్‌లైనే. హియరింగ్ వీడియోలో అయిపోతుంది, గిండీ దాకా రైలెక్కక్కర్లేదు.

గ్రాంటు వచ్చాక 20 ఏళ్లూ నిలుపుకోవాలంటే చిన్న యూనిట్‌కి రెన్యూవల్ ఫీజులన్నీ కలిపి 76,800 అవుతాయి. ఏడాదికి 800తో మొదలై చివర్లో 8,000కి పెరుగుతుంది. ఏజెంటు ఖర్చు వేరే.

పద్ధతి మీద పేటెంటు ఉంటే ఎదుటివాడు వాడుతున్నాడని రుజువు చేయడం ఎలా అన్నది మాత్రం తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు. సెక్షన్ 104ఏ కొంత సాయం చేస్తుంది. అతని సరుకు మీ పద్ధతిలోనే తయారైందనడానికి గట్టి అవకాశం ఉండి, ఏ పద్ధతి వాడాడో తెలుసుకోవడానికి మీరు చేయగలిగింది చేసినా తేలకపోతే, వేరే పద్ధతి అని రుజువు చేసే బరువు కోర్టు అతని మీద పెట్టొచ్చు. కానీ ముందు అతని సరుకూ మీ సరుకూ ఒకటేనని మీరు చూపించాలి. చిప్స్ అన్నీ ఒకేలా ఉంటే అది ఎక్కడ మొదలుపెడతారు?

అందుకే 15వ నెలకి ముందు ఒక పరీక్ష చేయించమంటాను. మీ చిప్స్‌నీ, బజార్లో కొన్న మామూలు పద్ధతి చిప్స్‌నీ, ఏది ఏదో చెప్పకుండా ఒకే ల్యాబుకి పంపండి. మిగిలిన క్లోరిన్ వల్లో, మీ ద్రావకం జాడ వల్లో ల్యాబు తేడా కనిపెట్టగలిగితే పేటెంటు దారిలోనే సాగండి, అతిక్రమణ పట్టుకునే చేయి మీకుంది. తేడా తెలియకపోతే, డేటా కూడా పాత పద్ధతికంటే అంతంత మాత్రమే మెరుగ్గా ఉంటే, ఫారం 29 వేసి వెనక్కి తీసుకుని రెసిపీ దాచుకోండి. తేడా తెలియకపోయినా డేటా గట్టిగా ఉంటే నేనైతే పేటెంటు వైపే మొగ్గుతాను, ఎందుకంటే తొట్టె దగ్గరి మనిషి ఎలాగూ వెళ్లిపోతాడు. ఫారం 29కి ఫీజు లేదు, కానీ 15వ నెల నిండే తేదీని మీ క్యాలెండర్‌లో, మీ ఏజెంటు క్యాలెండర్‌లో రెండుచోట్లా రాసుకోండి. గడువు ప్రొవిజనల్ వేసిన రోజు నుంచే లెక్క, పూర్తి స్పెసిఫికేషన్ వేసిన రోజు నుంచి కాదు.