ఆపర్చునిస్టికల్లీ, ఆపర్చూన్‌లీ: ఏది ఎక్కడ?

రెండూ ఒకే కుటుంబానివే, బుద్ధులే వేరు. ఆపర్చూన్‌లీ అంటే సరిగ్గా సమయానికి. ఫ్యూజు పోయిన నిమిషానికే ఎలక్ట్రీషియన్ గుమ్మంలో ప్రత్యక్షమైతే ఈ మాట సరిపోతుంది. ఇందులో ఎవరి ఎత్తుగడా లేదు.

ఆపర్చునిస్టికల్లీ అలా కాదు, సందు దొరికితే వాడేసుకోవడం. ఎన్నికల ముందు పార్టీ మారిన నాయకుడి గురించి ఇలా రాస్తే అది ఎత్తిపొడుపే. జీవశాస్త్రంలో మాత్రం ఈ మాట తిట్టు కాదు. కాకి పండో, పురుగో, ఎంగిలి మెతుకులో ఏది దొరికితే అది తింటుంది, ఆ తిండి తీరును ఇలాగే చెబుతారు. ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గగానే కాండిడా లాంటి ఫంగస్ విజృంభించడమూ ఇదే కోవ.

రెజ్యూమెలో నేనైతే దీన్ని రాయను. చురుకైనవాణ్నని మనం అనుకుంటాం, చదివేవాళ్లకు అవకాశవాది కనిపిస్తాడు.