వాల్వ్ ఆపరేషన్ అయ్యాక కడుపుతో ఉన్నవాళ్ళకి ఈ క్లినిక్ గురించి చెప్పాలి (పంజాగుట్ట వైపు)

నాకు 22 ఏళ్ళప్పుడు అయోర్టిక్ వాల్వ్ (గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్ళే దారిలో ఉండే కవాటం) మార్చారండి, మూడు రెక్కలుండాల్సిన వాల్వ్ పుట్టుకతోనే రెండు రెక్కలతో ఉంది. పెట్టింది టిష్యూ వాల్వ్ (కణజాలంతో చేసింది) కాబట్టి రక్తం గడ్డకట్టకుండా వేసుకునే వార్ఫరిన్ మాత్రల బాధ లేదు, ఇంక గుండె సంగతి అయిపోయింది అనుకున్నా. కడుపుతో మూడో నెలలో ఇంటి దగ్గర స్కానింగ్ సెంటర్‌లో ఎకో (గుండె స్కానింగ్) తీసి వాల్వ్ నార్మల్ అని రాసిచ్చారు, అంతే, అయోర్టా (వాల్వ్ పైన ఉండే పెద్ద రక్తనాళం) సైజు గురించి ఒక్క ముక్క కూడా లేదు. అది తల్చుకుంటే ఇప్పటికీ కోపం వస్తది.

ఈ క్లినిక్‌లో గుండె డాక్టరూ గైనకాలజిస్టూ ఒకే రూంలో కూర్చుని చూస్తారు. మేడమ్ నా పాత డిశ్చార్జ్ సమ్మరీ, కొత్త ఎకో పక్కపక్కన పెట్టి అయోర్టా సైజు అప్పటి 38 ఎంఎం, ఇప్పటి 42 ఎంఎం రెండిటికీ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. వాల్వ్ మార్చినా దాని పైన రక్తనాళం గోడ బలహీనంగానే ఉండొచ్చమ్మా, కడుపుతో ఉన్నప్పుడు రక్తం 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది, హార్మోన్లకి గోడ ఇంకా మెత్తబడుతుంది, ఉబ్బొచ్చు, చీలొచ్చు కూడా అని మా ఆయనకి కూడా అర్థమయ్యేలా బొమ్మ గీసి చెప్పారు. ఆ కాగితం దాచుకున్నా.

బీటా బ్లాకర్ (బీపీ, గుండె వేగం తగ్గించే మందు) మొదలుపెట్టారు, ఇంట్లో బీపీ రోజూ రెండుసార్లు చూసి రాయమన్నారు, ఎకో నెలనెలా తీశారు. నొప్పులప్పుడు బీపీ ఎగరకుండా ముందే ఎపిడ్యూరల్ (నొప్పి తెలీకుండా నడుములో ఇచ్చే మత్తు) ఇచ్చారు. పాప 2.7 కేజీలు.

నాకు బాగా నచ్చింది డెలివరీ తర్వాత వాళ్ళు చూసుకున్న తీరు. కాన్పు అయిపోయింది కదా ఇంకేంటి భయం అని అమ్మ అంటే, లేదమ్మా బాలింతగా ఉన్న మొదటి వారాల్లో కూడా ఆ రక్తనాళం చీలే ప్రమాదం ఉంటది అని సిస్టర్ కూర్చోబెట్టి చెప్పింది, ఛాతీలో గానీ వీపులో గానీ ఉన్నట్టుండి చీల్చినట్టు నొప్పొస్తే గ్యాస్ అనుకుని వాము నమిలి కూర్చోవద్దు, వెంటనే ఎమర్జెన్సీకి రమ్మంది. వారం వారం ఫోన్ చేసి బీపీ అడిగేవాళ్ళు, పాప ఏడుపు వినబడితే పాలు తాగుతోందా అని కూడా అడిగేవాళ్ళు.

వెయిటింగ్ మాత్రం ఘోరం, ఒకసారి ఎనిమిదో నెల పొట్టతో మూడు గంటలు కూర్చున్నా, కుర్చీలు కూడా సరిపోవు. పార్కింగ్ లేదు, మెట్రోలో వెళ్ళడమే నయం. అయినా నేను ఐదు స్టార్లే ఇస్తా. వీలైతే కడుపు రాకముందే వెళ్ళండి, మొదటిసారికి పాత ఆపరేషన్ కాగితాలు, వాల్వ్ కార్డు (ఏ వాల్వ్ వేశారో రాసిచ్చే కార్డు), దొరికినన్ని పాత ఎకో రిపోర్టులు తీసుకెళ్ళండి.